ముత్తవ్వ మేర, రాష్ట్రపతి జీతం

ఒకరికి ఇచ్చేదాన్ని తగ్గించకూడదని గట్టిగా రాసి పెట్టుకున్నాక, ఇంకో దోసెడు ఎక్కువ పోసే చెయ్యి కూడా ఆ రాతను చూసి ఆగిపోతుందా? ఆ ప్రశ్న పుట్టి పంటలు గడిచిపోయాయి. జవాబు మాత్రం ఇప్పటికీ తేలలేదు. బాన్సువాడ గ్రంథాలయంలో దుమ్ము పట్టిన బీరువాలన్నీ తిరగేసిన అజీజ్‌కు కూడా అది ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

మొదలైంది చాయ్ దగ్గర. పెద్దకాలువ వంతెన పక్కన ప్రేమల అనే ఆమె నడిపే హోటల్ ఉంది. హోటల్ అంటే నాలుగు రేకులు, ఒక పొయ్యి, రెండు బెంచీలు. అజీజ్ వయసులో ఉన్నన్నాళ్లూ బియ్యం మిల్లులో కాంటా పట్టాడు. చేతులు వణకడం మొదలయ్యాక మానేశాడు. అప్పటినుంచి పొద్దున గ్రంథాలయం, ఆ తర్వాత ప్రేమల చాయ్. మనిషి ఎక్కువ మాట్లాడడు. పేపరు తనలో తనే చదువుకుంటాడు, ఎవరన్నా అడిగితేనే పైకి చదువుతాడు. వంతెన దగ్గరి తూము కింద, అన్నిటికంటే కొసన, ఆయనకు రెండెకరాల వరి ఉంది.

ఆ రోజు పేపర్లో దేశంలో పెద్ద పదవుల జీతాలు వేశారు.

"సాబ్, రాష్ట్రపతికి ఎంతనట?" అని అడిగాడు వెంకట్రాములు. ఆ తూము కింద అందరికంటే ఎక్కువ పొలం ఆయనదే, అదీ కాలువ తలాపునే. వరి ఉంది, చెరుకు ఉంది, బోర్లు ఉన్నాయి.

"నెలకు ఐదు లచ్చలు."

"గంతేనా!" అన్నాడు కృష్ణ. వాడు వెంకట్రాములుకు వరసకు అన్న కొడుకు, చదువు ముగించి సేద్యంలోకి దిగినవాడు. "మా క్లాస్‌మేట్ ఒకడు హైదరాబాద్‌ల ఇంచుమించు గంతే సంపాయిస్తుండు కాకా."

"జీతం ఒక్కటే జూస్తె ఎట్లరా? ఉండనీకి బంగ్ల, కిరాయి లేదు. దవాఖానకు పోతె పైస లేదు. తిరగనీకి బండ్లు. దిగిపోయినంక గూడ సగం జీతం పింఛను. అంతే గద సాబ్?"

అజీజ్ తల ఊపాడు.

"మూడొందల గదులట గా బంగ్లల," అంది ప్రేమల పాలు పొంగకుండా గరిటె తిప్పుతూ. "రాష్ట్రపతి సంగతి ఇడిసిపెట్టుండ్రి, ఊడ్చేటోళ్ల నడుముల గతేంది?"

అందరూ నవ్వారు. నవ్వనిది ముత్తవ్వ ఒక్కతే. ఆమె కాలువ కట్ట మీద, మోకాళ్ల మీద పార అడ్డం పెట్టుకుని కూర్చుని చాయ్ తాగుతోంది. ఆ తూము కింది పొలాలన్నిటికీ నీళ్లు పారించే నీరటి ఆమె.

"సాబ్, ఒక్క మాట," అంది. "వానలు లేక కాలం గాని ఏడు గా జీతం తగ్గిస్తరా?"

"ఢిల్లీల కాలువ యాడిది ముత్తవ్వా! గాళ్లకు కాలమైతేంది, కాకపోతేంది?" అన్నాడు వెంకట్రాములు.

అజీజ్ పేపరు మడిచాడు. గ్రంథాలయంలో రాజ్యాంగం తెలుగు పుస్తకం ఒకటి ఉంది. దాన్ని తీసి చదివినవాడు ఆయన తప్ప ఇంకొకరు లేరు. "తగ్గియ్యరాదు," అన్నాడు. "గా కుర్చీల ఉన్నన్ని దినాలు, ఇచ్చేదాంట్ల కోత పెట్టొద్దని రాజ్యాంగంలనే ఉంది."

"పెట్టరాదు?"

"పెట్టరాదు."

"ఎవరికి కోపమొచ్చినా?"

"ఎవరికి కోపమొచ్చినా."

ముత్తవ్వ చాయ్ తాగింది. గ్లాసు కడిగి బోర్లించింది. పార భుజాన వేసుకుని కట్ట మీదుగా వెళ్లిపోయింది.

నీరటి పని ఆమె అత్తగారింటిది. మామ చేశాడు, పెనిమిటి చేశాడు. పెనిమిటి కామెర్లతో పోయినప్పుడు రైతులంతా కూడి, కొత్త నీరటి ఎవరా అని మాట్లాడుకున్నారు. వాళ్లు ఇంకా మాట్లాడుతుండగానే కాలువకు నీళ్లు వచ్చాయి. తెల్లారి చూస్తే ముత్తవ్వ చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, పెనిమిటి పార పట్టుకుని మడవలు కడుతోంది. ఆమెను ఎవరూ పెట్టలేదు, ఎవరూ వద్దనలేదు. "మొగోన్ని ఎతుకుడు మీ పని, నీళ్లు ఆగుతయా?" అందట. ఆ తర్వాత వెతికే పని ఎవరూ పెట్టుకోలేదు.

ఆ తూముకు ఒక కట్టుబాటు ఉంది. నీరటి తప్ప ఇంకెవరూ మడవ మీద చెయ్యి వేయకూడదు, పొలం గలాయన అయినా సరే. వేస్తే తప్పు కింద అందరికీ చాయ్ పోయించాలి. వెంకట్రాములు ఒక్కడే చాలాసార్లు పోయించాడు. ముత్తవ్వకు ఇంకో పద్ధతి ఉంది. పక్క తూముల వాళ్లు తలాపు పొలాలకు ముందు పెట్టి కిందికి వస్తారు. ఈమె కొస నుంచి మొదలుపెట్టి పైకి వచ్చేది. అదేందని అడిగితే, "తలాపునున్నోడు లేసి తాగుతడు. కాళ్ల దిక్కున్నోనికే మనం తాపాలె," అనేది. అందుకే అజీజ్ రెండెకరాలు ఏనాడూ ఎండలేదు. అందుకే వెంకట్రాములు ఏనాడూ ఆమెను పూర్తిగా మెచ్చలేదు.

మడిలో నీళ్లు చాలాయో లేదో ఆమె కళ్లతో చూసేది కాదు. కాలు పెట్టేది. కాలి కడియం తడిస్తే మడవ కట్టేసినట్టే. ఎవరి మడి అన్నది కడియానికి తెలియదు. ఆమె గొంతు లేచేదల్లా ఎండ్రికాయల మీదనే. గట్టుకు బొక్క పెట్టిన ఎండ్రికాయ కనిపిస్తే చాలు, "నీ ఇల్లు కూల, నీకు వేరే జాగ దొరకలేదానే!" అని పొలమంతా వినపడేలా తిట్టేది. తిట్టి, దాన్ని పట్టి గట్టు అవతల పడేసేది.

ఇంత చేసినందుకు పంట కోశాక ఎకరాకు అర బస్తా వడ్లు. దాన్ని మేర అంటారు. రాశి ఇంటికి పోకముందే కల్లంలోనే కుంచంతో కొలిచి ఇవ్వాలి. కొలత అయిపోయాక పొలం గలాయన రెండు చేతులా ఒక దోసెడు వడ్లు తీసి పైన పోస్తాడు. ఆ దోసెడు లెక్కలోకి రాదు, కానీ అది పడేదాకా మేర ముట్టినట్టు కాదు. ముత్తవ్వ మూట మూతి పట్టుకుని దోసెడు కోసం ఆగేది. వెంకట్రాములు పోసేటప్పుడు, "పటేలా, నీ చేతులు ఏటేటికి చిన్నగైతున్నయ్ గదా!" అనేది. ఆయన నవ్వి ఇంకో గుప్పెడు వేసేవాడు. అజీజ్ పోసేటప్పుడు ఏమీ అనేది కాదు. మిల్లులో గింజ అటూ ఇటూ కాకుండా తూచిన చేతులవి. దోసెడు మాత్రం ఎప్పుడూ పొర్లేది.

మేరతో పాటు ఆమెకు ఇంకొకటి ఉంది, చేపలు. తూము నుంచి దూకే నీళ్లకు కింద పెద్ద గుంత పడింది. తడి అయిపోయి నీళ్లు ఆపినప్పుడల్లా ఆ గుంతలో చేపలు మిగులుతాయి. అవి నీరటివి. కొన్ని అంగట్లో అమ్మితే ఉప్పూ కారం వచ్చేవి, మద్నూర్‌లో ఉన్న కూతురు లాలి దగ్గరికి పోయి రావడానికి బస్సు కిరాయి వచ్చేది. మొదటి కొర్రమట్ట మాత్రం అజీజ్ ఇంటికే. ఆయన భార్య బషీరున్నిసా చేతికి తనే ఇచ్చి, గడప మీద కాసేపు కూర్చుని పోయేది.

ఆ యాసంగి నాట్లు పడ్డాక లాలి పెనిమిటికి రోడ్డు మీద లారీ బోల్తా పడి కాలు విరిగింది. డ్రైవరు మంచం పడితే ఇంట్లో పొయ్యి ఏమవుతుందో ఎవరూ చెప్పనక్కర లేదు. ఆ ఏడు మేర రెండిళ్లలో ఉడకాలి. ముత్తవ్వ ఆ సంగతి ప్రేమలకు చెప్పుకుంది. ప్రేమలకు చెప్పిందంటే వంతెనకు ఇటూ అటూ అందరికీ తెలిసినట్టే.

తెలిసి కూడా వెంకట్రాములు మాట ఎత్తాడు. కావాలని చేసింది కాదు. ఆయనా, తలాపున ఇంకొందరూ ఆ ఏడే కొత్తగా బోర్లు వేసుకున్నారు. ఇంకా సగం తడులు మిగిలి ఉండగా హోటల్ ముందు అందరినీ కూడగట్టాడు.

"ముత్తవ్వా, కోపం జేసుకోకు. మాకిప్పుడు బోర్లున్నయ్. కాలువ నీళ్లు సగమే వాడుకుంటున్నం. మేర గూడ సగం జేసుకుందం. న్యాయమే గదా?"

"పటేలా, కట్ట మీద నేను సగం దూరమే నడుస్తున్ననా?"

"నడకకు ఎవరిస్తరే? నీళ్లకిస్తరు."

"రేషన్ బియ్యం వస్తున్నయ్ గదా అవ్వా, అవ్వి గూడ సన్నయి," అన్నాడు కృష్ణ. "కొంచెం అడ్జస్ట్ గావాలె."

"రేషన్ సర్కారిచ్చేది బిడ్డా. మేర నేను నడిచింది."

అని అజీజ్ వైపు తిరిగింది. "సాబ్, మొన్న చెప్పిన ముచ్చట మల్ల చెప్పు."

"ఏ ముచ్చట?"

"గదే, రాష్ట్రపతిది."

అజీజ్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. తనూ మేర ఇచ్చేవాళ్లలో ఒకడు. అయినా చెప్పాడు. కుర్చీలో ఉన్నన్ని రోజులు కోత పెట్టరాదు.

ఇక చూడండి నవ్వులు. "ఓహో, రాష్ట్రపతి ముత్తవ్వ!" అని ఒకడు. "మరి బంగ్ల యాడ కట్టియ్యాలె, తూము మీదనా?" అని ఇంకొకడు. "లేవుండ్రి లేవుండ్రి, దండం పెట్టుండ్రి," అని కృష్ణ. ప్రేమల కూడా కొంగు అడ్డం పెట్టుకుంది.

ముత్తవ్వ నవ్వులన్నీ అయిపోయేదాకా ఆగింది. మడి నిండేదాకా ఆగినట్టే ఆగింది.

"గంత పెద్దోళ్లకే మధ్యల కోత పెట్టొద్దని రాసుకున్నరంటె, ఎందుకు రాసుకున్నరు?" అంది. "ఇచ్చేటోళ్ల మనసు దినానికో తీరుంటదని గదా. నాకు గూడ గట్లనే పెట్టుండ్రి. దీపావళి ఎల్లినంక, యాసంగి మొదలుగాక ముందు అడుగుండ్రి. మీకు గిట్టకపోతె అప్పుడు వేరేటోన్ని పెట్టుకోండ్రి. నాట్లు పడ్డంక మాత్రం అడగద్దు."

వెంకట్రాములు చెడ్డవాడు కాడు. కానీ బేరంలో తన చేతికి ఏదో ఒకటి రాకపోతే ఆయనకు నిద్ర పట్టదు. అంతలో కృష్ణ ఫోన్లోంచి తల ఎత్తాడు.

"కాకా, ఇండ్ల ఇంకో రూల్ గూడ ఉంది. రాష్ట్రపతి లాభమొచ్చే వేరే పదవి ఏదీ పట్టుకోవద్దట."

వెంకట్రాములు మొహం వెలిగింది. "సాబ్, నిజమేనా?"

"నిజమే."

"మరి చేపలో?" అన్నాడు వెంకట్రాములు. "రాష్ట్రపతి లెక్క ఉంటనంటె మొత్తం గట్లనే ఉండాలె. జీతమేమో ఢిల్లీ లెక్క, చేపలేమో బాన్సువాడ లెక్క అంటె ఎట్లనే?"

మళ్లీ నవ్వులు. చేపలు పట్టడం పదవి ఎట్లా అవుతుందని అజీజ్‌కు అనిపించింది. ఆ మాటను లోపల సర్ది, మెత్తగా అనడానికి కూర్చుతున్నాడు. చదివే మనుషుల తీరు అంతే, నోటికి రాకముందే దిద్దుకుంటారు. ఈలోగా ముత్తవ్వ కాలువ వైపు చూసి, చూపు తిప్పి అనేసింది.

"సరే. చేపలు మీరే పట్టుకోండ్రి. మేర మొత్తం ఇయ్యిరి."

వాళ్లు ఆట పట్టించడానికి అన్నారు. ఆమె బేరమాడుతుంది, అప్పుడు పోనీలే అని లేచిపోదామని అనుకున్నారు. ఆమె ఒప్పుకున్నాక అందరి ముందు పడ్డ మాటను వెనక్కి తీసుకునే మనిషి ఎవరూ లేకపోయారు. అట్లా కట్టుబాటు అయింది.

తర్వాత నీళ్లు ఆగిన నాడు గుంత చుట్టూ జాతర. వలలు, గంపలు, దోమతెరలు. ఎప్పుడూ బురద తొక్కనివాళ్లు కూడా లాగులు పైకి మడుచుకుని దిగారు. ముత్తవ్వ కట్ట మీద కూర్చుని పారకు అంటిన మట్టిని పుల్లతో గీకుతోంది. కృష్ణ చేతిలోంచి పెద్ద కొర్రమట్ట జారిపోయింది.

"పోయె!" అన్నాడు.

"పోలేదు. బండ కిందికి జొచ్చింది, చెయ్యి పెట్టు," అంది ముత్తవ్వ.

వెంకట్రాములు అజీజ్ వంతు చేపలు ఇంటికి పంపాడు. బషీరున్నిసా సంచి విప్పి చూసి, ఎవరు పంపారని అడిగింది.

"యే కోన్ భేజా?"

"వెంకట్రాములు."

"ముత్తవ్వ కైకు నై లాయీ?"

ఎప్పుడూ తెచ్చే ముత్తవ్వ ఈసారి ఎందుకు తేలేదో, అజీజ్ జరిగిందంతా చెప్పాడు. రాష్ట్రపతి, జీతం, రెండో పదవి. ఆమె వింది. చేపలు కడిగింది, పులుసు పెట్టింది, ఆయన ముందు పెట్టింది. తను మాత్రం పప్పు పోసుకుని తింది.

ఆ తర్వాత తడులన్నీ సక్రమంగానే నడిచాయి. ఒక్క మడి ఎండలేదు. ముత్తవ్వ కొస నుంచే మొదలుపెట్టింది, కడియం తడిశాకే కట్టింది. మారింది వేరే. ఇదివరకు ఆమె కట్ట మీద పోతుంటే ఎవరో ఒకరు పిలిచి, కొంగులో గుప్పెడు పెసలో, నాలుగు బీరకాయలో వేసేవారు. చాయ్ పైసలు ఎవరో ఒకరు ఇచ్చేసేవారు. ఇప్పుడు ఆమె తన పైసలు తనే ఇచ్చి పోతోందని ప్రేమల చెప్పింది. పెట్టేవాళ్లు ముందు మానుకున్నారో, కొంగు పట్టే ఆమె ముందు మానుకుందో ప్రేమల కూడా తేల్చలేకపోయింది. "రాష్ట్రపతికి మనం బీరకాయలిచ్చుడేంది?" అని ఎవరో అన్నారు. అది వెటకారమూ కాదు, మర్యాదా కాదు.

"ఇప్పుడు సిస్టమ్ క్లియర్‌గ ఉంది సాబ్," అన్నాడు కృష్ణ ఒకనాడు అజీజ్‌తో. "ఎవరికి ఎంతనో లెక్క ఉంది. లొల్లి లేదు."

నిజమే, లొల్లి లేదు.

ఎండలు ముదిరాక హార్వెస్టర్లు దిగాయి. ఇప్పుడు కల్లాలు ఎక్కడివి? కోసిన వడ్లన్నీ కొనుగోలు కేంద్రం ముందున్న మైదానంలో, ఎవరి కుప్ప వారిదిగా ఆరబోశారు. మేర అక్కడే ఇద్దామన్నారు. కుంచం ఎవరింట్లో ఉందో ఎవరికీ గుర్తు లేదు. కరెంటు కాంటా ఉంది కదా అన్నారు.

ఒక్కరు కోత పెట్టలేదు. బోర్లున్నవాళ్లు కూడా పెట్టలేదు. వెంకట్రాములు తన వంతు తనే దగ్గరుండి తూకం వేయించాడు. ఎర్ర అంకెలు కొంచెం తక్కువ చూపిస్తే, "ఆగు, తగ్గొద్దు," అని గుప్పెడు వేశాడు. అంకె కొంచెం పైకి దూకింది. అప్పుడు వంగి, సంచిలోంచి చిటికెడు చిటికెడుగా తీశాడు, అంకె సరిగ్గా నిలిచేదాకా. ఆయన మొహంలో కుచ్చితం ఏమీ లేదు. మాట నిలబెట్టుకుంటున్న మనిషి మొహమే అది. ముత్తవ్వ సంచి మూతి పట్టుకుని నిలబడింది. ఇదివరకు దోసెడు పడే సమయానికి, అలవాటు కొద్దీ, ఇంకో క్షణం అట్లాగే పట్టుకుంది. తర్వాత మూతి కట్టేసింది. చేతులు చిన్నగైనయని అనలేదు.

ఆయన వెనకాల వచ్చినవాళ్లంతా ఆయన చేసినట్టే చేశారు.

కొస పొలం కాబట్టి అజీజ్ వంతు ఆఖరికి వచ్చింది. తూకం సరిపోయింది. అజీజ్ మోకాళ్ల మీద చెయ్యి ఊని వంగాడు, తన కుప్పలోంచి రెండు చేతులా వడ్లు తీశాడు. చేతులు వణుకుతున్నాయి, వడ్లు వేళ్ల సందుల్లోంచి జారుతున్నాయి. అట్లాగే సంచి దగ్గరికి తెచ్చాడు.

ముత్తవ్వ సంచి మూతి మీద అరచెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు సాబ్."

"ఎందుకు?"

"ఎంతుందో గంతే."

దోసిట్లోంచి జారిన వడ్లు ఆమె చేతి మీద పడి, అక్కడినుంచి నేల మీద పడ్డాయి. అజీజ్‌కు ఆ దోసెడును ఏం చేయాలో తోచలేదు. ఎండలో కాసేపు అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు.

"కోపమొచ్చిందా ముత్తవ్వా?"

"కోపమెందుకు సాబ్?" అంది. నవ్వింది కూడా. "మొత్తం వచ్చింది గదా. నువ్వు చెప్పబట్టే వచ్చింది."

ఆయన వడ్లు మళ్లీ కుప్పలో పోశాడు.

పొద్దు వాలుతుండగా మద్నూర్ నుంచి వచ్చిన ట్రాలీ ఆటో మైదానం పక్కన ఆగింది. సంచులు ఎక్కించారు. కూతురికి పంపిస్తోంది కాబోలు అనుకున్నారు అందరూ. అజీజ్ కూడా అదే అనుకుని, చాయ్ తాగుదామని వంతెన దాకా నడిచాడు. అక్కడ, ప్రేమల హోటల్ గోడకు, ముత్తవ్వ పార ఆనించి ఉంది. ఆ పార ఏనాడూ ఆమె ఇంటి గోడకు తప్ప ఇంకో గోడకు ఆనింది లేదు. బురద ఒక్క చుక్క లేకుండా తుడిచి ఉంది, కర్ర మీద కడిగిన తడి ఇంకా ఆరలేదు.

"గిది ఎప్పుడు పెట్టింది?" అని అడిగాడు.

"ఏమో సాబ్, నేను జూడలే," అంది ప్రేమల. "ఏమన్న చెప్పిందా నీకు?"

ఇద్దరూ రోడ్డు వైపు చూశారు. ట్రాలీ ఆటో వంతెన ఎక్కుతోంది. సంచుల పైన ముత్తవ్వ కూర్చుని ఉంది, ఒళ్లో బట్టల మూట. ఎదురుగా చెరుకు ట్రాక్టరు రావడంతో ఆటో సరిగ్గా హోటల్ ముందే ఆగింది. పిలిస్తే పలికేంత దగ్గర. ప్రేమల చెయ్యి సగం లేచింది. ముత్తవ్వ ఒక సంచి ముడి వదులైందేమో చూసుకుంటోంది. గట్టిగా బిగించింది. తల ఎత్తి ముందుకే చూసింది. ట్రాక్టరు దాటింది. ఆటో వంతెన దిగి, మద్నూర్ రోడ్డుకు మలుపు తిరిగింది.